ఈ వయసులో అత్తయ్యకు ఆపరేషన్ చేయించాలా?

ప్రశ్న: మా అత్తయ్యకు 78 ఏళ్లు. తెనాలి దగ్గర పల్లెటూళ్లో మాతోనే ఉంటారు. నీరసం, ఆయాసం అంటుంటే వయసు మీద పడిందనుకున్నాం. పోయిన నెల రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 8.2 వచ్చింది. కొలనోస్కోపీ చేస్తే పెద్దపేగులో కుడివైపు గడ్డ ఉంది, బయాప్సీలో క్యాన్సర్ అని తేలింది. స్కానింగ్‌లో కాలేయానికి, ఊపిరితిత్తులకు పాకలేదన్నారు. ఆరు నెలల్లో 51 కిలోల నుంచి 44కి వచ్చారు. షుగరు, బీపీ ఉన్నాయి. నిద్రకు ఏళ్ల తరబడి అల్ప్రాజోలాం వేసుకుంటున్నారు. సర్జన్ గారు మూడు వారాల తర్వాతకి తేదీ ఇచ్చి, ఈలోపు బలంగా తయారు చేసి తీసుకురమ్మన్నారు. అమెరికాలో ఉన్న మా మరిది "ఆగడమెందుకు, వేరే ఆసుపత్రికి మార్చి రేపే చేయించండి" అంటాడు. హైదరాబాదులో ఉన్న ఆడపడుచు "ఈ వయసులో కోతలెందుకు, ఉన్నన్నాళ్లు ప్రశాంతంగా ఉండనివ్వండి" అంటుంది. అత్తయ్యకు మాత్రం పేగులో పుండు అనే చెప్పాం. మా ఆయన పొద్దుననగా పొలం వెళ్తారు. ఇంట్లో చూసుకోవాల్సింది నేనే, నాకూ బీపీ ఉంది. బలంగా తయారు చేయడమంటే ఏం చేయాలి? అసలు ఆపరేషన్ చేయించాలా వద్దా?
– ఒక కోడలు

సమాధానం:

అమ్మా, ముందు మీ మరిదికి చెప్పాల్సిన మాట. సర్జన్ గారు మూడు వారాలు గడువివ్వడం సరైన పనే. పెద్దపేగు క్యాన్సర్ రాత్రికి రాత్రి వచ్చేది కాదు. పేగు గోడ మీద చిన్న బుడిపెగా మొదలై గడ్డగా మారడానికి సాధారణంగా ఏళ్లు పడుతుంది. మూడు వారాల్లో అది చేసే కొత్త నష్టం కంటే, ఆ మూడు వారాల్లో మీ అత్తయ్య ఒంట్లోకి మనం తేగలిగే సత్తువ విలువ ఎక్కువ. బాగా చిక్కిపోయిన మనిషికి క్యాన్సర్ ఆపరేషనే అయినా సరే ఒకటి రెండు వారాలు వాయిదా వేసి ముందు తిండి సంగతి చూడాలని ఐరోపా పోషకాహార వైద్యుల మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆరు నెలల్లో పదో వంతుకు మించి బరువు తగ్గితే బాగా చిక్కినట్టే లెక్క. మీ అత్తయ్య తగ్గిన ఏడు కిలోలు ఆమె బరువులో దాదాపు ఏడో వంతు.

దీనికి ఒక్క మినహాయింపు ఉంది. పొట్ట ఉబ్బిపోయి, వాంతులవుతూ, కింద నుంచి గాలి కూడా పోకుండా ఆగిపోతే పేగు మూసుకుపోయిందని అర్థం. రక్తం ధారగా పోయినా, కడుపునొప్పి ఒక్కసారిగా ముదిరినా అంతే. అప్పుడు తేదీ కోసం చూడకుండా ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఇక మీ ఆడపడుచు గారి మాట. అమ్మ మీద ప్రేమతోనే అన్నారు, కాదనను. కానీ ఆపరేషన్ మానేస్తే ప్రశాంతంగా ఉంటారన్న నమ్మకం సరికాదు. వదిలేసిన గడ్డ రక్తం కారుస్తూనే ఉంటుంది, నీరసం పెరుగుతూనే ఉంటుంది, ఏదో ఒకనాటికి పేగు మూసుకుపోవచ్చు. అప్పుడు అర్ధరాత్రి అత్యవసరంగా, ఏ సన్నద్ధతా లేకుండా కోయాల్సి వస్తే ప్రాణాపాయం ఇప్పటికంటే కొన్ని రెట్లు ఎక్కువ. పాకని దశలో దొరికిన కుడివైపు గడ్డను తీసేసి పేగును మళ్లీ కలిపేయడం సర్జన్లకు అలవాటైన ఆపరేషన్. మలం బయటకు రావడానికి పొట్ట మీద సంచి పెట్టాల్సిన అవసరం కుడివైపు గడ్డలకు చాలామందిలో రాదు. అయినా మీ సర్జన్‌ను అడిగి తెలుసుకోండి. కొందరికి తాత్కాలికంగా పెట్టాల్సి వస్తుంది, ముందే తెలిస్తే ఆమె బెంబేలెత్తరు.

వయసు 78 అన్న అంకె చూసి నిర్ణయించకండి. అదే వయసులో బజారుకెళ్లి కూరలు మోసుకొచ్చేవారూ ఉంటారు, గోడ పట్టుకుంటే తప్ప పెరట్లోకి వెళ్లలేనివారూ ఉంటారు. పెద్ద ఆపరేషన్‌ను ఒళ్లు తట్టుకోవడం పుట్టిన సంవత్సరం కంటే ఈ తేడా మీదే ఎక్కువగా ఆధారపడుతుంది. మీరు ఇంట్లోనే ఒకటి చూడొచ్చు. చేతులున్న కుర్చీలో కూర్చోబెట్టి, పది అడుగుల (మూడు మీటర్ల) దూరంలో చెంబు పెట్టి, లేచి అక్కడిదాకా మామూలుగా నడిచి, తిరిగొచ్చి కూర్చోమనండి. పక్కనే ఉండి ఫోనులో సెకన్లు లెక్కపెట్టండి. 12 సెకన్లు దాటితే పడిపోయే ప్రమాదం ఉన్నట్టు, 20 దాటితే ఒళ్లు బాగా ఉడిగినట్టు. ఆ అంకె కాగితం మీద రాసుకుని సర్జన్‌కు, మత్తు డాక్టరుకు చూపించండి. ఇంట్లో తన పనులు తానే చేసుకుంటున్నారా, ఈ ఏడాది ఎన్నిసార్లు పడిపోయారు, మతిమరుపు ఉందా, చెవులు వినపడుతున్నాయా, ఇవీ రాయండి. వృద్ధుల వైద్యులు వివరంగా చేసే పరీక్షలో సగం ప్రశ్నలు ఇవే. ముంబై టాటా మెమోరియల్‌లో వయసు మళ్లిన క్యాన్సర్ రోగుల కోసమే ప్రత్యేక క్లినిక్ ఉంది. మీకు దగ్గరలో అలాంటిది లేకపోతే, షుగరు బీపీ చూసే జనరల్ ఫిజీషియన్ చేతే ఆపరేషన్‌కు ముందు ఒకసారి తలనుంచి కాలిదాకా చూపించండి.

సర్జన్‌ను "గ్యారంటీయేనా" అని అడగకండి, ఏ సర్జనూ నిజాయితీగా జవాబు చెప్పలేని ప్రశ్న అది. "అంతా బాగా జరిగితే మా అత్తయ్య మూడు నెలల తర్వాత ఎలా ఉంటారు? బాగా జరక్కపోతే ఎలా ఉంటారు? మీ అనుభవంలో ఇలాంటివారికి ఎక్కువగా జరిగేదేమిటి?" అని అడగండి. ఆపరేషన్ చేయించకపోతే సంగతేమిటని కూడా ఇవే మూడు ప్రశ్నలు అడగండి. ఆ జవాబులు వినాల్సిన మొదటి మనిషి మీ అత్తయ్యే.

ఆమెకు చెప్పకపోవడం గురించి నా అభిప్రాయం గట్టిది. చెప్పాలి. ఆమె ఒళ్లు ఆమెకు తెలుసు. ఏడు కిలోలు తగ్గి, కొలనోస్కోపీ, స్కానింగులు చేయించుకున్న మనిషి "పుండు" అన్న మాటను నమ్మినట్టు మీకోసం నటిస్తూ ఉండొచ్చు. పైగా మతి స్థిమితంగా ఉన్న పెద్దమనిషికి చేసే ఆపరేషన్‌కు సమ్మతి ఆ మనిషే ఇవ్వాలని 2008లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. కొడుకు సంతకం దానికి బదులు కాదు. ఒక్కసారిగా మీద పడేయక్కర్లేదు. మీ ఆయన ఒకరోజు పొలం పని ఆపుకుని ఆమె పక్కన కూర్చుని, "అమ్మా, డాక్టరు గారు చెప్పినవన్నీ నీకు చెప్పమంటావా, మేం చూసుకుంటే చాలా?" అని అడగాలి. చెప్పమంటే చెప్పాలి, పాకలేదన్న మంచి మాటతో సహా. వద్దు, మీరే చూసుకోండి అంటే అది కూడా ఆమె నిర్ణయమే, అప్పుడు గౌరవించండి. తర్వాత అడగాల్సింది ఇంకొకటి ఉంది: ఆపరేషన్ అయ్యాక ఏది చేసుకోగలిగితే చాలనుకుంటున్నారు? నేను ఈ ప్రశ్న అడిగినప్పుడు ఎక్కువమంది ఎన్నేళ్లు బతుకుతాను అని అడగరు. "మంచాన పడకూడదు", "బాత్‌రూమ్‌కి నేనే వెళ్లాలి", "మనవరాలి పెళ్లిలో అక్షింతలు వేయాలి" అంటారు. మీ అత్తయ్య ఏమంటారో విని ఆ మాటను అలాగే సర్జన్‌కు చెప్పండి. ఏది చేయాలి, ఎంతవరకు వెళ్లాలి, ఎక్కడ ఆగాలి అన్నది దాన్నిబట్టే తేలుతుంది. మీ మరిదీ ఆడపడుచూ వాదించుకోవాల్సిన పని కూడా తప్పుతుంది.

ఇప్పుడు మూడు వారాల పని. ముందు తిండి, ఎందుకంటే మన ఇళ్లలో జబ్బు మనిషికి పెట్టే తిండి చూస్తే నాకు బెంగ. చారన్నం, రెండు ఇడ్లీలు, బ్రెడ్డు పాలలో ముంచి, బత్తాయి రసం, కొబ్బరినీళ్లు. ప్రేమగానే పెడతారు, కానీ అందులో కండ కట్టే ప్రొటీన్ దాదాపు లేదు. షుగరున్న మనిషికి రసాలు అసలే వద్దు. "నీరసంగా ఉంది, ఒక సెలైన్ పెట్టించండి" అని ఊళ్లో పెట్టించే గ్లూకోజు సీసాలోనూ ప్రొటీన్ చుక్క ఉండదు. ఆపరేషన్‌కు వెళ్లే మనిషికి కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రొటీన్ కావాలి. 44 కిలోలకు అది 53 నుంచి 66 గ్రాములు. చేతికందే లెక్కలో చెబుతాను. పొద్దున గ్లాసు పాలు, ఒక ఉడికించిన గుడ్డు కలిపి 12 గ్రాములు. టిఫినుకు ఇడ్లీ బదులు రెండు చిన్న పెసరట్లయితే ఇంకో 10. మధ్యాహ్నం అన్నం తగ్గించి గట్టి ముద్దపప్పు ఒక కప్పు, గడ్డపెరుగు ఒక కప్పు, అన్నంతో కలిపి 15 దాకా వస్తుంది. సాయంత్రం పుట్నాల పప్పు గుప్పెడు పొడి కొట్టి మజ్జిగలో కలిపి ఇస్తే 6. రాత్రికి చేప ముక్కో, కాస్త పనీరో 9, పడుకునే ముందు మళ్లీ పాలు 6. దాదాపు 60 అయింది. ఒక్కసారి ఎక్కువ తినలేరు కాబట్టి ఆరుసార్లు కొంచెం కొంచెం పెట్టండి. తినలేకపోతే డాక్టరు రాసే ప్రొటీన్ పొడి వాడొచ్చు. టీవీలో ప్రకటనలొచ్చే తీపి పొడులు వద్దు.

రెండు జాగ్రత్తలు. కొలనోస్కోపీ రిపోర్టులో గడ్డ పేగు దారిని బాగా మూసిందని ఉంటే పొట్టు పెసరట్లు, పల్లీలు, ఆకుకూరలు, పీచు ఉన్నవన్నీ ఆపి గుడ్డు, పాలు, పెరుగు, చేప, మెత్తగా ఎనిపిన పొట్టు లేని పప్పు మాత్రమే పెట్టాలి. సర్జన్‌ను అడిగాకే మొదలుపెట్టండి. కిడ్నీ పరీక్షలో క్రియాటినిన్ ఎక్కువుంటే ప్రొటీన్ లెక్క మారుతుంది, అదీ కనుక్కోండి. శనివారాలు ఒంటిపూట, ఏకాదశి ఉపవాసం లాంటివి మీ అత్తయ్యకు ఉంటే మీరు మానమంటే మానరు. ఆమె నమ్మే గుడి పూజారి గారి చేతే, రోగికి నియమం లేదని చెప్పించండి.

హిమోగ్లోబిన్ 8.2తో ఆపరేషన్‌కు వెళ్లకూడదు. ఐరన్ మాత్రలతో మూడు వారాల్లో పెద్దగా పెరగదు, పైగా కడుపులో తిప్పుతుంది. రక్తనాళం ద్వారా ఎక్కించే ఐరన్ ఒకటి రెండు సార్లు ఇస్తే ఆపరేషన్ నాటికి మెరుగవుతుంది. దాని గురించి ఈ వారమే అడగండి, ఆఖరి రోజుల్లో పెట్టించుకుంటే ఫలితం ఉండదు.

కదలిక విషయంలో, "పాపం నీరసంగా ఉన్నారు, పడుకోనివ్వండి" అనే చుట్టాల మాట వినకండి. ఏ జబ్బూ లేని పెద్దవాళ్లను పరిశోధన కోసం పది రోజులు మంచం మీదే ఉంచితే, వాళ్ల కాళ్లలో దాదాపు కిలో కండ కరిగిపోయిందని 2007లో ప్రచురించిన ఒక అమెరికా అధ్యయనంలో తేలింది. చేయాల్సినవి తేలికైనవే. కుర్చీలోంచి చేతులు వీలైనంత తక్కువ వాడుతూ లేచి కూర్చోవడం ఐదుసార్లు, రోజుకు మూడు పూటలు. నాలుగైదు రోజులకు ఏడు, తర్వాత పది. వసారాలోనే రెండు పూటలా పది నిమిషాలు నడక, మాట్లాడగలిగేంత ఆయాసంతో. మూడు రంగు బంతులుండే ఊపిరి పరికరం మందుల షాపులో దొరుకుతుంది. గొట్టం నోట్లో పెట్టుకుని నెమ్మదిగా పీల్చాలి, ఊదకూడదు. ఇప్పుడే అలవాటైతే ఆపరేషన్ నొప్పిలో నేర్చుకునే పని ఉండదు, ఊపిరితిత్తుల్లో కఫం చేరి న్యుమోనియా వచ్చే ముప్పు తగ్గుతుంది. ఛాతీనొప్పి, కళ్లు తిరగడం వస్తే ఆపి డాక్టరుకు చెప్పండి. హిమోగ్లోబిన్ పెరిగేదాకా మెల్లగానే చేయించండి.

ఇదంతా ఎంత పని చేస్తుందో ఉన్నదున్నట్టు చెప్పాలి. ఆపరేషన్‌కు ముందు నాలుగు వారాలు వ్యాయామం, ప్రొటీన్ ఆహారం, మనోధైర్యం మూడూ కలిపి ఇచ్చిన పెద్దపేగు క్యాన్సర్ రోగుల్లో తీవ్రమైన చిక్కులు 17 శాతం మందికి వచ్చాయి, ఇవ్వనివారిలో దాదాపు 30 శాతం మందికి వచ్చాయి. ఇది 2023లో వెలువడిన పరిశోధన. అంతకుముందు, 2020లో, బాగా ఉడిగిపోయిన వృద్ధుల మీదే మాంట్రియల్‌లో చేసిన పరిశోధనలో అంత తేడా కనపడలేదు, కాకపోతే అక్కడ రెండో జట్టుకు ఆపరేషన్ తర్వాత అదే శిక్షణ ఇచ్చారు. అందుకే మూడు వారాల్లో అద్భుతం జరుగుతుందని చెప్పను. ఆపరేషన్ తర్వాత కూడా ఇదే పని ఆపకుండా సాగాలని మాత్రం చెబుతాను.

మందులన్నీ, ఊళ్లో ఎవరో ఇచ్చిన ఆకు మందులతో సహా, ఒక సంచిలో వేసి మత్తు డాక్టరు ముందు పెట్టండి. షుగరు మందుల్లో డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి పేర్లుంటే ఆపరేషన్‌కు మూడు నాలుగు రోజుల ముందే ఆపిస్తారు, గుర్తుచేయండి. రక్తం పలచబడే మాత్రలు ఎప్పుడు ఆపాలో గుండె డాక్టరుతో కలిపి నిర్ణయించాలి. అల్ప్రాజోలాం మాత్రం మీ అంతట మీరు హఠాత్తుగా ఆపొద్దు. ఏళ్ల తరబడి వాడినది ఒక్కసారి మానితే వణుకు, కలవరం, ఒక్కోసారి ఫిట్స్ కూడా వస్తాయి. వాడుతున్న సంగతి దాచకుండా చెబితే వాళ్లే దారి చూస్తారు. ఆపరేషన్ ముందు రాత్రి నుంచి పచ్చి గంగ ముట్టనివ్వకపోవడం పాత పద్ధతి. ఘనాహారం ఆరు గంటల ముందు, మంచినీళ్లు రెండు గంటల ముందు వరకు చాలామందికి ఇవ్వొచ్చు. పేగు దారి మూసి ఉన్నవారికి ఇది వర్తించదు కాబట్టి మీ అత్తయ్యకు ఏ లెక్కో అడిగి రాసుకోండి.

ఇక ఆపరేషన్ తర్వాత కుటుంబాలు ఎక్కువగా భయపడేది, ఎవరూ ముందు చెప్పనిది ఒకటుంది. ఒక పెద్దావిడ గుర్తొస్తున్నారు. పేగు ఆపరేషన్ అయిన రెండో రాత్రి దుప్పటి అంచును వేళ్లతో పీకుతూ, పైన ఫ్యాను వైపు చూస్తూ "దూడను కట్టేయండి, పాలన్నీ తాగేస్తోంది" అంటున్నారు. ముక్కులో గొట్టం లాగేసుకున్నారు. కొడుకు తలుపు దగ్గర నిలబడి అమ్మకు మతి పోయిందని ఏడుస్తున్నాడు, పిన్నిగారు తాయెత్తు తెప్పించారు. చూస్తే పొత్తికడుపు గట్టిగా ఉంది, మూత్రం ఆగిపోయింది. కళ్లజోడు, చెవి మిషను ఆసుపత్రిలో పోతాయని ఇంట్లో బీరువాలో పెట్టొచ్చారు. మూత్రానికి గొట్టం వేసి, తెల్లారేసరికి కళ్లజోడు, మిషను తెప్పించి, కిటికీ పక్క మంచానికి మార్చి, కొడుకును చెయ్యి పట్టుకుని కూర్చోమన్నాం. మర్నాటి సాయంత్రానికి కొడుకును పేరు పెట్టి పిలిచి అన్నం తిన్నావా అని అడిగారు.

దీన్ని డెలీరియం అంటారు. ఇది పిచ్చి కాదు, గాలి సోకడం కాదు, చాలామందిలో తగ్గిపోయేదే. కానీ వచ్చిందంటే ఒంట్లో ఏదో తేడా ఉందని అర్థం: నొప్పి, ఇన్ఫెక్షన్, మూత్రం ఆగడం, నీరు తగ్గడం, కొన్ని మందులు. దురదకో, రక్తం ఎక్కించే ముందో ఇచ్చే అవిల్ ఇంజెక్షన్ కూడా వృద్ధుల్లో ఈ కలవరం తెస్తుంది, "తప్పనిసరా అండీ" అని మర్యాదగా అడగండి. అరిచే రకమే కాదు, ఉలుకూ పలుకూ లేకుండా మత్తుగా పడుకునే రకం కూడా ఉంది. "హాయిగా నిద్రపోతున్నారు" అని దాన్ని చూసి మురిసిపోతాం, అదే ఎక్కువ ప్రమాదం. రాకుండా చాలావరకు చూసుకోవచ్చు. కళ్లజోడు, కట్టుడు పళ్లు, చెవి మిషను ఉంటే అవన్నీ పేరు రాసిన డబ్బాలో పెట్టి తీసుకెళ్లండి. పగలు కిటికీ తెరిచి వెలుతురు, రాత్రి దీపాలు తగ్గించి నిద్ర. గోడ గడియారం కనపడేలా ఉండాలి. "అత్తయ్యా, ఇవాళ బుధవారం, ఆపరేషన్ అయి రెండో రోజు, మనం ఆసుపత్రిలో ఉన్నాం" అని పూటకోసారి చెప్పాలి. తెలిసిన మొహం ఒకటి ఎప్పుడూ పక్కన ఉండాలి, పదిమంది కాదు. పరామర్శకొచ్చే బంధువులను ఇంటికొచ్చాకే రమ్మని ఫోన్లోనే చెప్పేయండి. ఎవరేమనుకున్నా మాట పడండి.

ఆపరేషన్ మర్నాడే మంచం దింపి కుర్చీలో కూర్చోబెడతారు, నాలుగడుగులు వేయిస్తారు. చూసి కంగారు పడకండి, కుట్లు ఊడిపోవు. కదలకపోతేనే కాళ్లలో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకు చేరే ముప్పు. అందుకే పొట్ట చర్మం కింద ఇచ్చే ఇంజెక్షన్‌ను క్యాన్సర్ ఆపరేషన్ అయినవారికి ఇంటికొచ్చాక కూడా మొత్తం నాలుగు వారాలదాకా ఇస్తుంటారు. మీ అత్తయ్యకు అవసరమా అని డిశ్చార్జి రోజున అడగండి. నొప్పిని ఓర్చుకోవడం మన పెద్దవాళ్లకు అలవాటు. "ఎలా ఉంది" అంటే "బానే ఉంది" అంటారు. "గట్టిగా దగ్గగలరా, పక్కకు తిరగగలరా" అని అడిగితే నిజం తెలుస్తుంది. దగ్గలేకపోతే నొప్పి మందు చాలట్లేదని నర్సుకు చెప్పండి.

ఇంటికొచ్చాక పథ్యం పేరుతో నెల రోజులు కడుపు మాడ్చకండి. పప్పు తింటే చీము పడుతుంది, గుడ్డు వేడి, పెరుగు జలుబు అని ఇంటికొచ్చిన ప్రతివారూ చెబుతారు. కుట్టు మానడానికి కావాల్సింది ఆ పప్పూ గుడ్డూ పెరుగే. చీము పట్టేది క్రిముల వల్ల, కందిపప్పు వల్ల కాదు. మొదటి రెండు మూడు వారాలు పీచు తక్కువగా, మెత్తగా, కొంచెం కొంచెంగా పెట్టి, సర్జన్ చెప్పినదాన్నిబట్టి మామూలు భోజనానికి రండి. కుడివైపు పేగు తీసినవారికి కొన్నాళ్లు విరేచనం పలచగా, ఎక్కువసార్లు కావచ్చు, అది చూసి తిండి ఆపేయకండి. కూర్చుని లేవడం, నడక, బంతుల పరికరం మళ్లీ మొదలు. నేల మీద కూర్చునే మరుగుదొడ్డి అయితే కమోడ్ కుర్చీ ముందే కొని ఉంచండి. మంచం నుంచి బాత్‌రూమ్ దాకా రాత్రంతా చిన్న దీపం, తడి లేని నేల, పట్టుకోవడానికి గోడకు కడ్డీ ఉండాలి. పొట్ట కోసినందుకు ఆరు వారాలు బిందెలు, బకెట్లు ఎత్తనివ్వకండి. మునుపటి సత్తువ రావడానికి నెలలు పడుతుంది, కొందరికి పూర్తిగా రాదు కూడా. రెండో వారంలో "ఇంకా ఇలాగే ఉన్నాను" అని ఆమె కుంగిపోతే ఈ సంగతి చెప్పండి.

వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాల్సినవి గుర్తుంచుకోండి. 100.4 డిగ్రీలు దాటిన జ్వరం, పొట్ట ఉబ్బడం, ఆగని వాంతులు, కుట్టులోంచి చీము, ఒక కాలే వాయడం, ఆయాసం, మూత్రం బాగా తగ్గడం. వృద్ధుల్లో పేగు కలిపినచోట లీకైనా జ్వరం రాకపోవచ్చు. నిన్నటిదాకా మాట్లాడిన మనిషి ఇవాళ పొంతన లేకుండా మాట్లాడినా, మగతగా ఉన్నా, తిండి పూర్తిగా మానేసినా తెల్లారేదాకా ఆగకండి.

కీమో గురించి ఇప్పుడే భయపడొద్దు. తీసిన గడ్డ, దాని చుట్టూ ఉన్న గ్రంథుల రిపోర్టు వచ్చాకే ఆ మాట. గడ్డ ముక్క మీద చేసే ఎమ్ఎమ్ఆర్ అనే పరీక్ష చేశారా అని అడగండి. పెద్ద వయసు ఆడవాళ్లలో కుడివైపు వచ్చే గడ్డల్లో దాని ఫలితం చికిత్సను మార్చే సందర్భాలు ఎక్కువ, కొందరికి కీమో అక్కర్లేదని కూడా తేలుతుంది.

ఖర్చు సంగతికొస్తే, 70 ఏళ్లు దాటినవారికి ఆదాయంతో పని లేకుండా ఏడాదికి 5 లక్షల దాకా వైద్యం ఇచ్చే ఆయుష్మాన్ వయ వందన కార్డును కేంద్రం 2024 అక్టోబరులో మొదలుపెట్టింది. రాష్ట్రంలో ఎన్టీఆర్ వైద్య సేవ ఉంది. ఏది మీ ఆసుపత్రిలో ఈ ఆపరేషన్‌కు వర్తిస్తుందో అక్కడి ఆరోగ్యమిత్రను తేదీకి ముందే కలిసి, ఆధార్, బయాప్సీ రిపోర్టులతో అనుమతి పెట్టించండి. పెద్దవాళ్ల సాయానికి 14567 నంబరు ఉచితం.

చివరిగా మీ గురించి. ఇన్ని పనులు మీ ఒక్కరి మీద పడితే మూడో వారానికి మీరూ మంచం పడతారు. మీ మరిది ఆగలేకపోతున్నారు కదా, ఆ ఆత్రుతకు పని అప్పజెప్పండి. ఆపరేషన్ నుంచి నెల రోజులు రాత్రి అటెండరు జీతం, వారానికి మూడుసార్లు ఇంటికొచ్చే ఫిజియోథెరపిస్టు ఫీజు ఆయనవి. రోజూ సాయంత్రం ఒకే వేళకు వీడియో కాల్ చేసి పది నిమిషాలు అమ్మతో మాట్లాడాలి, రిపోర్టుల గురించి కాదు, ఊరి కబుర్లు. ఆడపడుచు గారిని డిశ్చార్జి అయిన మొదటి రెండు వారాలు వచ్చి ఉండమని ఇప్పుడే అడగండి, టికెట్లు తీసుకునే వీలుంటుంది. స్నానం చేయించడం, నడిపించడం కొడుకు కూడా చేయొచ్చు. మీ ఆయన ఉదయం నడక తన బాధ్యతగా తీసుకుంటే పొలానికి అరగంట ఆలస్యమవుతుంది, అంతే. ఇక మీ బీపీ ఆఖరిసారి ఎప్పుడు చూపించుకున్నారో రాయలేదు. అత్తయ్య ఐరన్ గురించి అడగడానికి ఈ వారం ఆసుపత్రికి వెళ్తారుగా, అదే రోజు మీరూ చూపించుకుని మందులు నెలకు సరిపడా తెచ్చుకోండి.